పంచదారకు ఊదా రంగు

పెద్దదానికి కడుపుమంట ఆ పొద్దున వంటింట్లోనే అంటుకుంది. బడిలో ఏ తిండిలో మాంసకృత్తులున్నాయో పరీక్ష చేసి చూస్తారట, ఇంటి నుంచి తలా ఒక పదార్థం తెమ్మన్నారట. అమ్మ చిన్నదాని చేతిలో రుమాల్లో చుట్టిన గుడ్డు పెట్టింది. పెద్దదాని చేతిలో పంచదార పొట్లం పెట్టింది.

"దానికి గుడ్డూ, నాకు పొట్లమూనా?"

"గుడ్డు ఒక్కటే ఉందే తల్లీ. పంచదార మాత్రం తిండి కాదా?" అంటూ అమ్మ పొయ్యివైపు తిరిగిపోయింది.

పెద్దది కిందటేడు జబ్బుపడి మంచం పట్టింది. పరీక్షలు పోయాయి. దాంతో ఇప్పుడు చెల్లెలి తరగతిలోనే, చెల్లెలి పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. పిల్లలు ఊరుకుంటారా? తరగతి తరగతంతా దాన్ని "అక్కగారూ" అని పిలవడం మొదలుపెట్టింది. సుద్దముక్క కావాలన్నా అక్కగారే, కిటికీ తియ్యాలన్నా అక్కగారే. ఆ మాట విన్నప్పుడల్లా దానికి ఒంటిమీద చీమలు పాకినట్టుండేది.

మర్నాడు తల్లిదండ్రులు బడి చూడటానికి వస్తారు. ఎవరి పరీక్ష చక్కగా కుదిరితే వాళ్ళు గుమ్మం దగ్గరి బల్ల వెనక నిలబడి, వచ్చినవాళ్ళ ముందు అదే చేసి చూపించాలి. ఆ బల్ల వెనక తనే నిలబడాలి, అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి చూడాలి. పెద్దదాని మనసులో అంతకుమించి ఇంకేమీ లేదు.

ప్రయోగశాలలో టీచరమ్మ గాజునాళిక పైకెత్తి చూపించింది. "ముందు ఈ క్షారం. చేతిమీద పడనివ్వకండి, కాలుతుంది. తర్వాత మైలుతుత్తం నీళ్ళు రెండు చుక్కలు. మాంసకృత్తులుంటే ఊదా రంగు తిరుగుతుంది. లేకపోతే నీలంగానే ఉండిపోతుంది. ఒకరి డ్రాపరు ఇంకొకరి దాంట్లో ముంచారో, చెవులు మెలిపెడతా!"

చిన్నది గుడ్డులోని తెల్లసొన గిన్నెలోకి వంచి, నీళ్ళు కలిపి, నాళికలో పోసి చుక్కలు వేసింది. చూస్తుండగానే వంకాయ తొక్క రంగు తిరిగింది. వెనక బల్లల వాళ్ళు కూడా లేచి నిలబడి "అబ్బ!" అన్నారు. పెద్దదాని నాళిక మాత్రం నీలంగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది.

పాలు తెచ్చుకున్న తుంటరి ఒకడు మెడ సాచి చూశాడు. "అక్కగారూ, మీది పరీక్షకెందుకండీ, కాఫీలో కలిపేసుకోండి!"

అందరూ నవ్వారు. చిన్నది కూడా పెదవి కొరుక్కుని నవ్వింది. అదిగో, ఆ నవ్వే చేసింది చెయ్యాల్సిందంతా. చిన్నది తన నాళిక టీచరమ్మకు చూపించడానికి వెళ్ళగానే, పెద్దది చెల్లెలి డ్రాపరు గిన్నెలో ముంచి, తెల్లసొన పీల్చి, తన పంచదార నీళ్ళలో వదిలేసింది. ఒకసారి కుదిపిందో లేదో, ఊదా రంగు! చెల్లెలి దానికన్నా చిక్కగా వచ్చింది. దానికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో పంచదారకు ఆ రంగు రాకూడదన్న సంగతే మరిచిపోయి, "టీచర్, నాదీ వచ్చింది!" అని అరిచింది.

టీచరమ్మ దగ్గరకొచ్చి చూసింది. "పంచదారలోనా?"

"అక్కగారింట్లో కోళ్ళు తియ్యటి గుడ్లు పెడతాయేమో టీచర్!" అన్నాడు తుంటరి.

"నువ్వు నోరుముయ్యి. ఈ పంచదారలో ఏదో కలిసింది. రేపు మీ అమ్మగారినే అడుగుతాను, ఏ కొట్లో కొన్నారో."

పెద్దది నాళిక వీపు వెనక్కి పెట్టుకుంది. చిన్నది తన గిన్నె చూసుకుంది, అక్క ముఖం చూసింది. చటుక్కున అంది: "తప్పు నాది టీచర్. డ్రాపరు కడక్కుండా అక్కకిచ్చాను."

"అయితే రేపు బల్ల దగ్గర నువ్వుండవు," అంది టీచరమ్మ. మళ్ళీ గొంతు మెత్తబరిచి, "పోనీలే, అడక్కుండానే ఒప్పుకున్నావు. మంచిపిల్లవి," అంటూ తల నిమిరింది. వెనకనుంచి ఎవరో "పాపం" అన్నారు.

ఇంకొకళ్ళయితే బతికిపోయాననుకునేవాళ్ళు. పెద్దదానికి ఒళ్ళు భగ్గుమంది. గుడ్డూ దానిదే, రంగూ దానిదే, ఇప్పుడు మంచిపేరూ దానికేనా?

"అబద్ధం టీచర్! అదేం ఇవ్వలేదు. నేనే తీసి పోశాను. మంచిపిల్లా లేదు, గాడిదగుడ్డూ లేదు!"

ఒకరు దొంగ, ఒకరు అబద్ధాలకోరు. టీచరమ్మ ఇద్దరినీ నాళికలన్నీ కడగమని తొట్టి దగ్గరికి తరిమింది. గుమ్మం దగ్గరి బల్ల పాలు తెచ్చిన తుంటరికి దక్కింది.

కడుగుతుంటే పెద్దదానికి తన వేళ్ళకంటిన తెల్లసొన వాసన కొట్టింది. ముక్కు పట్టుకుని పక్కకు తిరిగింది.

"అందుకే అమ్మ నీకు గుడ్డివ్వలేదు," అంది చిన్నది బ్రష్షు తిప్పుతూ. "జబ్బులో గుడ్డు వాసనకే వాంతి చేసుకునేదానివిగా. అమ్మకి గుర్తే. ఏడాదంతా నీ మంచం దగ్గరే ఉంది. నాకేది పడదో అమ్మనడుగు, చెప్పలేదు."

పెద్దది తెల్లబోయింది. దీనికి కూడా మంటేనా! అదీ తన జబ్బు మీద!

"నీకేం పడదే?"

"పాలమీద మీగడ. చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది."

"మరి రోజూ నీ గ్లాసులోది..."

"నువ్వు ఎత్తుకుపోతున్నావుగా. అటు తిరిగి కూర్చునేదాన్ని, నువ్వు తీసేదాకా."

ఎన్నాళ్ళ నుంచో పెద్దది చెల్లెలి నోటి దగ్గరిది లాక్కుంటున్నానన్న తృప్తితో మింగిన మీగడంతా ఇప్పుడు గొంతులో అడ్డం పడ్డట్టయింది.

"రేపట్నుంచి నీది నువ్వే తిను," అంది.

"అక్కా, అక్కా! నీ కాళ్ళు పట్టుకుంటా," అంది చిన్నది సబ్బు చేతులతోనే.

"సరే, చూద్దాంలే," అని పెద్దది, ఉన్నవాటిలో మంచి బ్రష్షు చెల్లెలి చేతిలోంచి లాగేసుకుంది.