నీలి గిట్టలు

కోస్గి శివారు కుంటలో ఎవరో విషం కలుపుతున్నారు. దీప్తి ఆ నిర్ణయానికి వచ్చేసింది.

పరిశోధన శిక్షణకు వచ్చిన విద్యార్థులకు తలా ఒక కుంట ఇచ్చారు. బురదలోని సూక్ష్మజీవులు లోహాలను ఎలా కరిగిస్తాయో, ఎలా పట్టి ఉంచుతాయో చూడాలి. బురద నీళ్లు పోసి పెట్టిన గాజు ప్లేట్లలో, మిగతావాళ్లకు నిండా జీవం చుక్కలు చుక్కలుగా పెరిగింది. దీప్తి ప్లేట్లలో అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. పరీక్షలో రాగి మాత్రం విపరీతంగా తేలింది.

"కారణం రేపు చెప్పు. లేదంటే వేరే కుంటతో మొదలుపెట్టు," అంది గైడు మల్లిక మేడం. మళ్లీ మొదలుపెడితే శిక్షణ ముగిసేనాటికి దీప్తి చేతిలో ఏ ఫలితమూ ఉండదు.

అందుకే పొద్దున్నే తుమ్మచెట్ల చాటున మాటు వేసింది.

గొర్రెల మంద వచ్చింది. గట్టు మీది గుంటలో నీలం నీళ్లున్నాయి. కాపరి మందను వాటిలోంచి నడిపించి, అటునుంచి అటే కుంటలోకి తోలాడు. నీలి గిట్టలు కుంట నీళ్లలో దిగాయి. గొర్రెలు అక్కడే తాగసాగాయి.

దీప్తి బయటికొచ్చింది. "ఏం కలుపుతున్నవ్ కాకా?"

కాపరి తడబడలేదు. "వచ్చినవా బిడ్డా? ఆడపిల్ల చెట్ల సాటుకు పోయిందని గా దిక్కు సూడలే."

దీప్తి ముఖం ఎర్రబడింది. "బురద కోసం వచ్చిన. దాంట్ల కంటికి కనపడని పురుగులను సదువుతున్న."

"బురదకు దాసుకునుడెందుకు? ఎవలు వద్దన్నరు?"

అతని పేరు బీరప్ప. నీలం నీళ్లు మైలుతుత్తం. వానాకాలం గిట్టలు కుళ్లకుండా మందు. గొర్రెలు కాళ్లు నాకితే నోరు పుండవుతుందని, వెంటనే కుంటలో కడిగిస్తున్నాడు.

కారణం దొరికింది. పైగా ప్లేట్లలో బతికిన ఆ కొద్ది చుక్కలు రాగిని తట్టుకున్నవన్నమాట. వాటి మీదే పని చేయవచ్చు. కానీ ఈ నీళ్లు గొర్రెలకు ప్రమాదమని చెబితే బీరప్ప రేపే మందు గుంట పూడ్చేస్తాడు. కుంటలో రాగి పడటం ఆగిపోతుంది, దాంతో తన పనీ.

దీప్తి నీళ్లు తాగుతున్న గొర్రెపిల్లను చూసింది.

"కాకా, మైలుతుత్తంల రాగి ఉంటది. గొర్రెకు రాగి పడదు. గీ నీళ్లు రోజూ తాగితే లోపల జమైతది. పాణం మీదికొస్తది. నా పురుగులల్ల గూడ రాగిని తట్టుకున్నయే మిగిలినయి."

బీరప్ప ఒక్క కేకతో మందను ఒడ్డెక్కించాడు. "రెండు పోతే దిష్టనుకొని నిమ్మకాయలు కట్టిన గద బిడ్డా. గుంట కుంటకు దూరంగ, గా బోడు గుట్ట దిక్కు తవ్వుత. గిట్టలు ఆరినంక వేరే కాడ తాపుత. మరి నీ పురుగులెట్ల?"

"అవే సూస్కుంటయి," అంది దీప్తి, ఆ మాట తనకే నమ్మకంగా అనిపించక ఫోన్ తీసింది.

మేడం అంతా విని నవ్వింది. "గొర్రెలు దిగిన చోటా, అవతలి ఒడ్డునా ఇవాళే బురద తియ్యి. పోల్చి చూడు, ఫలితం అదే. రాగి ఆగాక అక్కడ ఏవి తిరిగొస్తాయో చూడటానికి నిన్ను మళ్లీ పిలిపిస్తా."

బీరప్ప అప్పటికే పంచె ఎగగట్టాడు. "నా మంద దొడ్డికి తోలితె లెక్క దొరుకుతది. నీ మందను ఎట్ల లెక్కవెడతవ్?"

"ప్లేట్ల పోసి ఆగుత కాకా. ఒక్కోటి ఒక్కో చుక్క అయితది."

"అయితె నీ డబ్బ పట్టు," అంటూ బురదలోకి ముందు తనే దిగాడు.