నీళ్లకు పద్దు లేదు

“రేపు సారు వచ్చేలోపు గుట్టమీద మొక్కలన్నీ పీకెయ్,” అన్నాడు మరియదాసు, పళ్లెంలో చెయ్యి కడుక్కుంటూ, కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా.

జయకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది. పొద్దంతా మిరపకాయల తొడిమలు తీసిన వేళ్లు ఇంకా మండుతున్నాయి. ఎండాకాలమంతా ఆ వేళ్లతోనే కదా, కూలి నుంచి వచ్చి, పక్కింటి షాజాదీని తోడు పిలుచుకుని, బోరు దగ్గర బిందెలు నింపుకుని గుట్టెక్కింది! కానుగ, వేప, ఉసిరి. తడిమట్టిలో చెయ్యి పెడితే మంట కాస్త నెమ్మదించేది. “మొక్కల మీదున్న ప్రేమ మొగుడి మీదుంటే బాగుండు,” అని అత్త అరుగు మీంచి అంటూనే ఉండేది.

“బతికినవాటిని పీకడమేందయ్యా?”

“పిచ్చిదానా, గుంట ఖాళీగా ఉంటేనే కొత్త మొక్కకి డబ్బులు. ఏటా ఎండకి వాటంతటవే చచ్చేయి, మళ్లీ నాటేవాళ్లం. ఈసారి నీ వల్లే వచ్చింది తంటా.”

గుట్టల అభివృద్ధి సంస్థవాళ్లు ఊళ్లో పెట్టిన కమిటీకి ప్రెసిడెంటు జయకుమారే. ఆడవాళ్లకిచ్చిన పదవి. కుర్చీలో మాత్రం మరియదాసు కూర్చునేవాడు. సంతకం కావాలంటే పొయ్యి దగ్గరున్న ఆమెని కేకేసేవాడు. ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చి పెట్టి, మాడువాసన తగిలి మళ్లీ లోపలికి పరిగెత్తేది.

పొద్దున్నే సంస్థ సారు జీపు దిగాడు. వెనకే మొక్కల లారీ. గుట్టమీద ఒక్క మొక్కా పీకి లేదు. నడుమెత్తు పచ్చదనం చూసి సంతోషించాల్సిన మనిషి నొసలు చిట్లించాడు.

“ఎవరమ్మా నీళ్లు పోసింది?”

“నేనేనండి.”

“నాటడానికి డబ్బొస్తుంది. బోర్డుకి వస్తుంది, షామియానాకి వస్తుంది. మార్చిలోపు ఖర్చుపెట్టకపోతే వెనక్కి పోతుంది. నీళ్లకి మాత్రం పద్దే లేదు. పద్దు లేని పని మిమ్మల్నెవరు చెయ్యమన్నారు?”

ఆ మాట ఆమె లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. నిజమే, ఎవరు చెయ్యమన్నారు? తెల్లారకముందే వాకిలి ఊడవమని, అత్త నడుముకి నూనె మర్దనా చెయ్యమని, ఒళ్లు కాలిపోతున్నా వంట చెయ్యమని? పెళ్లినాడు పందిరికి ఖర్చుపెట్టారు, బ్యాండుమేళానికి పెట్టారు, ఫొటోలకీ పెట్టారు. ఆ తర్వాత ఈ మనిషి ఎండిందో తడిసిందో చూసినవాళ్లు లేరు.

“సంతకం పెట్టండమ్మా, లారీ ఆగి ఉంది.”

“పెట్టనండి. గుంటలు ఖాళీ లేవు.”

“ఎవరు నేర్పారే నీకు?” అంటూ మరియదాసు పంచె ఎగ్గట్టి వరసల్లోకి దూకాడు. ఒక్కో మొక్కే పీకాడు. మూరెడేసి లోతుకి దిగిన వేర్లు పటుక్కుమని తెగుతుంటే షాజాదీ దుపట్టా నోట్లో కుక్కుకుంది. సారు ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

“ఇప్పుడు ఖాళీ! పెట్టు,” అన్నాడు మరియదాసు రొప్పుతూ.

జయకుమారి ఏడవలేదు, సంతకమూ పెట్టలేదు. మధ్యాహ్నానికి లారీ వచ్చిన దారినే పోయింది.

చీకటి పడ్డాక పీట వాల్చుకుని కూర్చున్నాడు మరియదాసు. “ఏమే, అన్నం పెట్టు.”

పొయ్యి రాజలేదు. ఆమె గడపలో కూర్చుని, మండుతున్న వేళ్లను నీళ్ల గిన్నెలో ముంచి ఉంచింది. తల తిప్పకుండానే అంది:

“దానికి పద్దు లేదయ్యా.”