వీపు మధ్య జానెడు

మనిషి ఒంటి మీద తన చెయ్యి తనకే అందని చోటు ఒకటుంది. వీపు మధ్యలో, రెండు రెక్కల ఎముకల నడుమ, జానెడంత. వచ్చినవాళ్ల వీపులకల్లా నూనె రాసే ఉద్యోగం నాది. కాబట్టి ఆ జానెడు గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని గొప్పగా చెప్పగలను. నా జానెడు సంగతి అడిగితే మాత్రం ఒళ్లు మండుతుంది.

మా ఆయుర్వేద చికిత్సాలయంలో మర్దన ఒక్కరు చేసే పని కాదు. బల్ల మీద పడుకున్న మనిషికి అటొకరు ఇటొకరు నిలబడి, నాలుగు చేతులూ ఒకే వేగంతో నడపాలి. కుడి భుజం మీద చెయ్యి ఎప్పుడు దిగితే ఎడమ భుజం మీదా అప్పుడే దిగాలి. నేను ఎడమవైపు, ఆవిడ కుడివైపు. ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డాం. అందరూ మమ్మల్ని ఎడమక్క, కుడక్క అనేవాళ్లు. అసలు పేర్లు మాకే సరిగా గుర్తుండేవి కావు.

మా డాక్టరమ్మకి ఋతువులంటే మహా పట్టింపు. ఎండాకాలం కొబ్బరినూనె, చేతులు మెత్తగా నడవాలి. వానలకి నువ్వులనూనె, గోరువెచ్చగా. చలికి అదే నూనెలో మూలికలు వేసి కాచి, వేడివేడిగా, గట్టిగా రుద్దాలి. చలి తగ్గాక నూనె పక్కన పెట్టి పొడి నలుగు. పక్క హాల్లో ఆసనాలు నేర్పే మాస్టారూ అంతే. ఎండల్లో నాలుక చుట్టి చల్లగాలి పీల్పిస్తాడు, చలిలో సూర్యనమస్కారాలు పెంచుతాడు. ఇంతా చేసి, ఋతువు మారినప్పుడల్లా మొట్టమొదట జలుబు చేసేది ఆయనకే.

"మన ఒంటికి పట్టని నూనె ఇంకొకరికి రాయకూడదు." ఇది డాక్టరమ్మ పెట్టిన నియమం. అందుకని కొత్త ఋతువుకి నూనె మార్చిన రోజు, పొద్దున్నే ఎవరూ రాకముందు, మేం జంటలుగా ఒకరి వీపుకి ఒకరు రాసి చూసుకుంటాం. వేడి చాలిందా, ఎంతసేపటికి ఇంకుతోంది, మంట పుడుతోందా. మిగతావాళ్లకి అది పని. నా సంగతి వేరు. పెళ్లంటూ ఒకటి జరిగింది నాకు, నిలవలేదు, దాని గోల ఇక్కడెందుకు. ఒక గదిలో ఒక్కదాన్నే ఉంటాను. ఏడాది పొడుగునా లోకం వీపులన్నీ నా చేతికింద ఉంటాయి గానీ, నా వీపు మీద ఇంకో మనిషి చెయ్యి పడేది ఋతువు మారిన రోజునే. ఆ చెయ్యి కుడక్కది.

వానలు తగ్గుముఖం పట్టాక ఆవిడ ఉద్యోగం మానేసింది. "నిలబడలేకపోతున్నానే, కాళ్లు లాగేస్తున్నాయి" అంది. ఇప్పుడొక పుస్తకాల షాపులో బిల్లుల దగ్గర కూర్చుంటోంది. ఆవిడ వెళ్లాక మేం మిగిలింది ఐదుగురం. రెండు జంటలు, నేనూ. నాకు తలకీ పాదాలకీ రాసే ఒంటిచేతి పనులు అప్పగించారు.

మొన్న చలికాలపు నూనె కాచి దించారు. నలుగురూ తెరల వెనక్కి వెళ్లారు. "మెల్లిగానే, కాలుతోంది" అని ఒకరు, "ఓర్చుకోవే సుకుమారీ" అని ఇంకొకరు, నవ్వులు. నేను గిన్నె పట్టుకుని బయట నిలబడ్డాను. డాక్టరమ్మ అటుగా వచ్చి, "మీరు ముంజేతి మీద చూసుకోండి, చాలు" అంది. మంచికే అంది. అయినా నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది.

"నా వీపు నేనే రాసుకోగలను డాక్టరమ్మా" అన్నాను.

గోముఖాసనం ఉంది కదా అని నా ధీమా. ఒక చెయ్యి భుజం మీంచి కిందికి, ఇంకో చెయ్యి నడుం వైపు నుంచి పైకి పంపి, వీపు మధ్యలో వేళ్లు కలిపే ఆసనం అది. ఎండల్లో నా వేళ్లు ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకునేవి. ఆ పొద్దున ఎంత లాగినా రెండు చేతుల మధ్యా బెత్తెడు ఖాళీ మిగిలింది. మాస్టారు ముక్కు తుడుచుకుంటూ చూస్తున్నాడు.

"చలికి కీళ్లు బిగుస్తాయమ్మా. ఋతువుతో పోట్లాడకూడదు. రెండు చేతులతో తువ్వాలు పట్టుకోండి, సరిపోతుంది" అన్నాడు.

"తువ్వాలు వచ్చి నాకు నూనె రాస్తుందా మాస్టారూ" అన్నాను. ఆయన తుమ్మాడు.

మధ్యాహ్నం సెలవు పెట్టాను. చిన్న సీసాలో వేడి నూనె పోసి, చల్లారకుండా తువ్వాల్లో చుట్టి, కుడక్క వాళ్లింటికి బస్సెక్కాను. వీపుకి నూనె రాయించుకోవడానికి బస్సెక్కి వెళ్లే మనిషిని ఎవరైనా చూశారా అని దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా అడుగుతాను. ఒక్కసారి రాయవే అంటాను. ఆవిడ దగ్గర నాకు సిగ్గేమిటి.

కుడక్క ఉండేది వాళ్లన్నయ్య ఇంట్లో. నన్ను చూసి, "ఓసి ఎడమా, దారి తెలిసిందా" అని నవ్వి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. వాళ్ల వదిన మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది. నా ఒళ్లో సీసా చూసి గొంతు తగ్గించింది.

"నూనేనా అది? ఏమీ అనుకోకండి, తన చేతికి మాత్రం ఇవ్వకండి. నూనె తగిలితే చాలు, అరచేతులు పగిలి నెత్తురొచ్చేది. నిద్ర లేకుండా గోక్కుంటూ కూర్చునేది. ఆ ఉద్యోగం మానెయ్యమని చర్మం డాక్టరు ఎప్పుడో చెప్పాడు."

"మరి ఎందుకు మానలేదు?"

"మేమూ అదే అడిగాం. నేను మానేస్తే ఎడమ ఒక్కతే అయిపోతుంది వదినా, అనేది. ఇంక వేళ్లు ముడవలేని స్థితికి వచ్చాకే మానింది."

ఇన్నేళ్లూ బల్లకి ఇవతల నిలబడి, నా చేతుల వేగం తప్పకూడదని ఆవిడ చేతుల్నే చూస్తూ బతికాను. నూనెలో ఎవరి చేతులైనా నున్నగానే కనిపిస్తాయి. నాకు చెప్పి చావొచ్చు కదే మొండిదానా, అని అరవాలనిపించింది. గోడకవతల ఆవిడ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

టీ తెచ్చింది. గ్లాసు అందిస్తుంటే చూశాను, అరచేతులు మానిపోయి, కొత్త చర్మం వచ్చి, శుభ్రంగా ఉన్నాయి. వాళ్ల వదిన బట్టలెత్తుకుని పక్కగదిలోకి వెళ్లింది. అప్పుడు సీసా కుడక్క కంటబడింది.

"చలికాలం నూనె దించారా? నిన్నెవరితో జత చేశారే?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. ఆవిడకి ఆ మాత్రం చాలు. అప్పటికే జాకెట్టు చేతులు పైకి మడుస్తోంది.

"ఎవరూ లేరు కదూ. తలుపు దగ్గరగా వేసి రా. వీపు ఇటు తిప్పు."

నిజం చెప్తున్నాను, ఆ మాట విని నా వీపు సగం తిరిగింది.

"పొద్దున్నే రాసేశారే" అన్నాను. "కొత్తగా ఒకావిడ చేరింది. నీకంటే గట్టి చెయ్యి. ఇది నీకు వాసన చూపిద్దామని తెచ్చానంతే."

"నాకంటేనా" అని మూతి ముడిచి సీసా కోసం చెయ్యి చాపింది. "నువ్వు ఒలకబోస్తావు ఆగు" అని నేనే మూత తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. కళ్లు మూసుకుని పీల్చింది.

"కాస్త ఎక్కువ కాగిందే" అంది.

"నేనూ అదే అన్నాను."

మాస్టారి జలుబు గురించి మాట్లాడుకుని నవ్వుకున్నాం. పొద్దు వాలుతుంటే లేచాను. మెట్ల దాకా వచ్చింది. నేను మొదటి మెట్టు దిగుతుంటే వెనకనుంచి నా వీపు మీద చెయ్యి వేసింది. బట్టల మీంచే, సరిగ్గా ఆ జానెడు మీద. నూనె ఇంకిన ఒళ్లేదో, ఎండిపోయిన ఒళ్లేదో దుప్పటి మీంచైనా చెప్పగల చెయ్యి అది. కాసేపు అక్కడే ఆగింది.

"కొత్తావిడ బాగానే రాసిందే" అంది.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే దొరికిపోతాను. చెయ్యి తీసేదాకా ఆగి, మెట్లు దిగి వచ్చేశాను.

మర్నాడు పొద్దున సీసాని వేడినీళ్లలో పెట్టి నూనె వెచ్చబెట్టాను. తువ్వాలు మధ్యభాగం అందులో ముంచి, ఒక చివర భుజం మీంచి, ఇంకో చివర నడుం దగ్గర పట్టుకుని, పైకీ కిందికీ లాగాను. మాస్టారు చెప్పినట్టే సరిపోయింది. జానెడంతా తడిసింది, ఎక్కడా పొడి మిగల్లేదు, వేడి కూడా కుదిరింది. తువ్వాలు వదిలేసి నేల మీద కూర్చుని ఏడ్చాను.

తరవాత లేచి తువ్వాలు ఉతికి ఆరేశాను. చలి పోయేదాకా దాంతోనే పని. ఎండలు ముదిరితే వేళ్లు మళ్లీ కలుస్తాయని మాస్టారు అంటున్నాడు. కలిస్తే కలవనీ. అవీ నా వేళ్లే కదా.