దుప్పటికి రెండో వైపు

ఆసుపత్రి లాండ్రీలో దుప్పటి మడతపెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు చెరో వైపు పట్టుకుని బిగించి ఒక్క దులుపు దులపాలి. ఆపైన ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు కలపాలి. కలిపేటప్పుడు ఎదుటి మనిషి వేళ్లు తగులుతాయి.

పొడుగక్కదీ నవ్వులక్కదీ పక్కపక్క దేశాలు. బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ ఊరొచ్చి పన్నెండేళ్లుగా ఒకే దుప్పటికి చెరో వైపు నిలబడ్డారు. ఆ మడతల్ని దొంతర పేర్చే పిల్ల నోట్లోంచి మాట ఊడిపడదని ‘ముంగి’ అని పేరు పెట్టింది కూడా వాళ్లే. ముంగికి ఈ ఊళ్లో నా అన్నవాళ్లు ఆ ఇద్దరే.

ఒక సోమవారం ఆ రెండు దేశాలకూ యుద్ధం మొదలైంది. మంగళవారానికి అక్కలిద్దరూ ఎడమొహం పెడమొహం. ముంగి పొద్దున ఒకరికీ మధ్యాహ్నం ఒకరికీ ఎదురు నిలబడి మడతపెట్టింది. ఎవరేమన్నా తల ఊపేది కాదు, అడ్డంగా తిప్పేది కాదు. తను ఎటూ మొగ్గకపోతే ఎప్పటికైనా ఇద్దరూ మళ్లీ ఒక దుప్పటి పట్టుకుంటారని దాని ఆశ.

పదోరోజు నవ్వులక్క ఉబ్బిన కళ్లతో వచ్చింది. అక్కడ సొంతూళ్లో వాళ్ల ఇంటి మీద బాంబు పడింది. తమ్ముడు పోయాడు.

“చెప్పవే ముంగీ, తప్పెవరిది?”

ముంగి చేతిలోని మడతను దొంతర మీద పెట్టింది. “నాకు... మీరిద్దరూ కావాలక్కా.”

“ఎవరు కావాలని అడిగానా నిన్ను?”

ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి పొడుగక్క అందుకుంది. “దాన్నెందుకు అడుగుతావ్? గోడమీద పిల్లి అది! మా ఊరు తగలబడిందని మొన్న నేను ఏడిస్తే, దుప్పటి సరిగ్గా పట్టుకోమంది.”

“అంతేలే. దానికి దుప్పటి నలగకుంటే చాలు,” అంది నవ్వులక్క.

యుద్ధం మొదలయ్యాక ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అదే మొదలు. ముంగిని తప్పుపట్టడంలో మాట కూడా కలిసింది.

ఆ వారమే పొడుగక్క వంటగదికీ నవ్వులక్క మూడో వార్డుకూ మారిపోయారు. “ఎవర్నైనా పంపేదాకా నువ్వే కానీయమ్మా,” అన్నాడు లాండ్రీ మేస్త్రీ. ముంగి దుప్పటికి ఒక వైపు కొసలు రెండూ కిటికీ ఊచలకు ముడేసి, రెండో వైపు తను పట్టుకుని దులిపింది. నడిచి వెళ్లి కొసలు కలిపితే వేళ్లకు ఇనుము చల్లగా తగిలింది. అప్పుడు తట్టింది దానికి, పోయిన తమ్ముడి పేరేమిటని కూడా తను అడగలేదని. తప్పెవరిదో చెప్పకపోయినా అదొక్కటి అడగొచ్చు కదా!

ఆ దొంతర ఎత్తుకుని మూడో వార్డుకు వెళ్లింది. మెట్లెక్కుతున్నంతసేపూ ఆ ప్రశ్నే నోట్లో తిప్పుకుంది.

“అక్కా, తమ్ముడి పేరు...”

“ఇప్పుడా?” అంది నవ్వులక్క.

దొంతర అడుగున చేతులు పెట్టి అందుకుంది, ముంగి వేళ్లు తగలకుండా.