అత్త పళ్ళెంలో ముక్క

"అమ్మకు మతి పోయిండాది. నేనొచ్చేదాకా బయట గొళ్ళెం ఏసిపెట్టు" అని భార్యకు చెప్పి సర్ఫరాజ్ జీన్స్ కుట్టే యూనిట్‌కు వెళ్ళిపోయాడు. గొళ్ళెం వేయడానికి ఆమేమన్నా మేకపిల్లా అని ఇర్ఫానా లోలోపల మండిపడింది.

ఈ మధ్య అత్త షాజాదీ అన్నీ మరిచిపోతోంది. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి పోతుంది. ఇంటి ముందే నిలబడి ఇల్లు యాడ అని అడుగుతుంది. కాళ్ళు తిమ్మిరంటుంది. "ముసలిదైపోయినాక అంతే, ఆస్పత్రి ఎందుకు దండగ" అన్నాడు మామ జమాల్ సాబ్. ఆయనకు పన్ను సలిపినా సరే, అనంతపురం దాకా బండి కట్టాల్సిందే. ఇన్నేళ్ళు ఇల్లు మోసిన మనిషిని తండ్రీ కొడుకులు రెండు మాటల్లో తీసి పక్కన పడేశారు.

ఇర్ఫానా ఎవరినీ అడగకుండా అత్తను ఆటో ఎక్కించి రాయదుర్గం ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించింది. బీ ట్వెల్వ్ విటమిన్ బాగా తక్కువగా ఉందని, మరుపుకూ తిమ్మిరికీ అదే కారణం కావచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడే సూదులు మొదలుపెడితే తేరుకునే అవకాశం ఉంది, ఆలస్యం చేస్తే చెప్పలేనంది.

"మాంసం తింటావా అవ్వా?"

"శుక్రవారం శుక్రవారం చేస్తాను తల్లీ" అంది షాజాదీ గర్వంగా.

డాక్టరమ్మ సరేనని తలూపింది. ఇర్ఫానా అత్త వంక చూసింది. చేస్తుంది, నిజమే. ముక్కలన్నీ ఏరి మొగవాళ్ళకు వడ్డిస్తుంది. అడుగున మిగిలిన షేర్వాలో సంగటి అద్దుకుని తింటుంది. గుడ్డు కొడుక్కి, పాలు మామకి. "నాకు ముక్కలు పడవు" అనేది. ఆ అబద్ధం ఇర్ఫానాకు కూడా ఎప్పుడో అలవాటైపోయింది.

"చేస్తాది మేడమ్, తినదు. మా ఇంట్లో ఆడోళ్ళకు షేర్వానే" అంది.

సూదులు మొదలయ్యాయి. ఆ శుక్రవారం ఇర్ఫానా గుడ్డ పరిచి నలుగురికీ ఒక్కసారే పళ్ళేలు పెట్టింది. మొదటి ముక్కలు అత్తకు వేసింది.

"ఇదేం కొత్త పద్ధతి? మొగోళ్ళు తినాల్నా వద్దా?" అన్నాడు జమాల్ సాబ్.

ఆమె బదులు చెప్పేలోగానే షాజాదీ చేయి కదిలింది. ఇల్లు మరిచిన మనిషి, పక్కనున్నది కొడుకని పొద్దున గుర్తుపట్టని మనిషి, తన పళ్ళెంలో ముక్క తీసి అతని పళ్ళెంలో వేసింది. సర్ఫరాజ్ మామూలుగా నోట్లో పెట్టుకోబోయాడు.

ఇర్ఫానా అతని చేతిలోంచి ముక్క లాక్కుని అత్త పళ్ళెంలో తిరిగి పెట్టింది.

"ఇదొక్కటి మర్చిపో అత్తా."