బర్రె కోసం కఫీల్

భూమేష్‌ది జగిత్యాల దగ్గర పల్లె. సౌదీలోని తాయిఫ్‌లో ఒక పెద్ద పండ్లతోటలో పైపుల పని. అదే తోటలో బండి నడిపే ధన్‌సింగ్ అతనికి గదిలో తోడు. ఉత్తరాఖండ్ కొండల మనిషి. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ కోడికూర వండబోతే, ఉల్లిగడ్డ కోయకముందే ధన్‌సింగ్ కళ్లలో నీళ్లు.

వాళ్ల ఊళ్లో ఎడతెరిపి లేని వాన. ఇంటి వెనక కొండ నెర్రెలిచ్చింది. ఊరంతా కింద ఉన్న బడిలో తలదాచుకుంది, ధన్‌సింగ్ తల్లి తప్ప. బడిలోకి బర్రెను రానివ్వరట. బర్రెను వదిలి ఆమె రాదట. కొడుకు ఫోన్లో బతిమాలి, కోప్పడి, చివరికి గొంతు పోగొట్టుకున్నాడు.

"ఇధర్ దేవో, మై బోల్తా," అని భూమేష్ ఫోన్ లాక్కున్నాడు. "అమ్మా, జల్దీ నికలో," అని తొందరపెట్టాడు.

"ఎవరు నువ్వు?" అని గద్దించింది ముసలమ్మ.

భూమేష్ నోరు తెరిచేలోగా ధన్‌సింగ్ పక్కనుంచి బొంగురుగా అన్నాడు, "మా కఫీల్, అమ్మా."

కొడుకు ఉద్యోగం, రాకపోకలు అన్నీ యజమాని అయిన ఆ కఫీల్ చేతిలోనే ఉంటాయని ఆమెకు తెలుసు. వెంటనే గొంతు మెత్తబడింది.

"మీ మాట కాదంటానా సేఠ్‌జీ. బర్రెను రానివ్వమని ఆ హెడ్మాస్టరుకు కూడా ఒక్క మాట చెప్పండి."

ఫోన్ పెట్టేయకుండానే బర్రెను తోలుకుని బడికి దిగింది. దారి పొడుగునా బర్రెను తిడుతూనే ఉంది. భూమేష్ చెమటలు తుడుచుకుంటూ అన్నీ విన్నాడు.

"ఇగ నా బతుకు ఆగమే," అని తనలో తాను గొణుక్కున్నాడు.

అవతల హెడ్మాస్టరు గొంతు వినబడింది. భూమేష్‌కు వచ్చిన అరబ్బీ అంతా పైపుల అరబ్బీ. కఫీల్‌లా వినిపించాలని దాన్నే గంభీరంగా వదిలాడు.

"మోయా కసీర్. మాసూరా ఖర్బాన్. సక్కర్, సక్కర్."

నీళ్లు ఎక్కువ, పైపు పాడైంది, కట్టెయ్ అని దాని అర్థం. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఎవరో పెద్ద అరబ్బు సేఠ్ అనుకున్నాడు హెడ్మాస్టరు.

"సరే సార్," అన్నాడు. "మూడో తరగతి వరండాలో కట్టేసుకోమంటాను."

సాయంత్రానికి కొండ జారింది. కొట్టం మొత్తం, ఇల్లు సగం మట్టికిందికి పోయాయి. ఆ సంగతి చెబుతూ తల్లి ఏడ్చింది. ధన్‌సింగ్ భూమేష్ భుజం పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇద్దరికీ అన్నం సహించలేదు.

ఇల్లు నిలబెట్టుకోవడానికి కొడుకును రెండు నెలలు పంపమని ముసలమ్మ 'సేఠ్'ను అడిగింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ అసలు కఫీల్ ముందు నిలబడ్డారు. ఆయన కథంతా విని, హెడ్మాస్టరుతో అన్న అరబ్బీని భూమేష్‌తో మళ్లీ చెప్పించుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. నెల సెలవిచ్చాడు.

ఆ కబురు చెప్పమని ధన్‌సింగ్ ఫోన్‌ను భూమేష్‌కే అందించాడు.

"ఒక్క నెలేనా సేఠ్‌జీ," అంది ముసలమ్మ. "మీరు మంచివారనుకున్నాను."