గుమ్మం దాకా వచ్చిన బల్ల

రండి రండి, పొయ్యి దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు ఆపండర్రా. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేసుకోండి, మధ్యలో దగ్గితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను. ఒట్టేసి చెప్పమని మాత్రం అడక్కండి. మనవాళ్ళు ఒట్టు పెట్టకూడదు కదా. అందుకని నేను ఏం చెప్పినా మీకు నమ్మక తప్పదు.

ఇది గెదెయోన్ అన్న సంగతి. పోలండులో ఉన్నన్నాళ్ళూ మన సంఘానికి ఆయనే బోధకుడు. చదువంటే ఆయనదే. దేవుడు ఒక్కడే, ముగ్గురు కాదు అని ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాదిస్తే, ఎదురు వాదించడానికి వచ్చిన ముగ్గురు పండితులూ చివరికి ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. లాగితే గాని ఊడి రాలేదు. పెద్దింటివాడు కాబట్టి నడుముకి కత్తి ఉండాలి. మనం కత్తి దూయం కాబట్టి అది చెక్క కత్తి. వసంతం వచ్చిందంటే ఆ కత్తికి చిగుళ్ళు వేసేవి. ఆయన భార్య తెయోఫిల వదిన వాటిని తుంచి మేకకి పెట్టడం నేను కళ్ళారా చూశాను.

తర్వాత దొరతనంవాళ్ళు మతం మారతారా, దేశం వదులుతారా అన్నారు. గడువిచ్చారు. ఇచ్చిన గడువుని మళ్ళీ కుదించారు. బయల్దేరాం. వాళ్ళ బండి తోలింది నేనే.

సరిహద్దు రాయి కనబడగానే తెయోఫిల వదిన నా భుజం తట్టింది.

"బండి ఆపు బాబూ."

ఆపాను. దిగింది. మూట కిందికి లాక్కుంది.

"ఏమైంది?" అన్నాడు గెదెయోన్ అన్న.

"దేవుడు ఒక్కడో ముగ్గురో మీరూ మీరూ తేల్చుకోండి. నాకున్న ఆపిల్ తోట మాత్రం ఒక్కటే. నేను వెనక్కి పోతున్నా."

"వాళ్ళ పూజకి రమ్మంటారు నిన్ను."

"వెళ్తాను. మోకాళ్ళేగా, వంగుతాయి."

ఆయన ఏదో ఒకటి అంటాడని నేను చూశాను. గుర్రాలు కూడా మెడలు తిప్పి చూశాయి.  ఆవిడ బిర్చి చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. చాలాసేపటికి ఆయన, "చలిగా ఉంది, తోలు" అన్నాడు. అంతే.

ఇలా ప్రష్యాకి వచ్చి, ఈ సరస్సు ఒడ్డున పడ్డాం. ఆ చలికాలం సరస్సు ఎంత గట్టిగా గడ్డకట్టిందంటే, చేపలు కిందనుంచి తలుపు తట్టినట్టు తట్టేవి. అయినా గెదెయోన్ అన్న ముందు ఆ సరస్సు గోరువెచ్చగా ఉన్నట్టే. ఒకరోజు పొయ్యిలోంచి నిప్పు ఎగిరి ఆయన చేతి మీద పడింది. ఆయన పుస్తకం పేజీ తిప్పుతూ, "ఎవరింట్లోనో బాతు కాలుస్తున్నారు" అన్నాడు. ఇంకోరోజు కుక్క ఆయన పిక్క పట్టుకుంది. ఈయన ఉలకలేదు, పలకలేదు. అది కాసేపు చూసి, సిగ్గుపడి, వదిలేసి పోయింది. ఇంట్లో ఏడవని మనిషి లేని ఆ రోజుల్లో ఆయన ఒక్కడే తిన్నాడు, పడుకున్నాడు, లేచాడు.

ప్రభువు పేరు మీద బల్ల చుట్టూ చేరి రొట్టె విరిచి పంచుకునే రోజు వచ్చింది. విరిచే ముందు మనవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసుగా. ఒక్కొక్కరూ మధ్యలో నిలబడాలి. మిగతావాళ్ళు వాళ్ళ తప్పులు మొహానే చెప్పాలి. నోరు మూసుకుని విని, ఒప్పుకుని, కళ్ళు తుడుచుకున్నాకే బల్ల దగ్గర చోటు. తప్పు తీరనివాడికి గుమ్మం పక్కన పీట. వాడు బల్ల దగ్గరికి రాకూడదు.

చేపలమ్మే బుర్ఖార్త్ సరస్సు అవతలివాడు, మన పద్ధతులు తెలియనివాడు. ఆరోజు బుట్ట పట్టుకుని గుమ్మం పక్క కిటికీ బయట నిలబడి, ముక్కు అద్దానికి ఆనించి చూస్తున్నాడు. మాది ఎప్పటికి అవుతుందా అని.

గెదెయోన్ అన్న మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. సంఘం పెద్ద యోనాష్ గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, నీ బోధ మరీ పొడుగు. మా ఇంటిది నువ్వు మొదలుపెట్టినప్పుడు పిండి పులియబెడుతుంది. నువ్వు ముగించేసరికి రొట్టె కాలి, తిని, మళ్ళీ ఆకలేస్తోంది."

"నిజమే" అన్నాడు గెదెయోన్ అన్న.

"నా క్యాబేజీ పులుసు తిని బాగుందన్నావు" అంది విధవరాలు బోగుమిల. "ఆ మొహంతోనే మొన్న మా ఆయన్ని పాతిపెట్టావు. పులుసు కూడా పోయిందేమో అనుకున్నా."

"నిజమే అక్కా."

"నేను చెప్పిన ఒక్క కథకీ నవ్వలేదు" అన్నాను నేను.

"అది తప్పు కిందకి రాదు, కూర్చోరా" అన్నాడు యోనాష్.

అందరూ అయ్యారు. ఇక ఆయన కళ్ళు తుడుచుకుని బల్ల దగ్గరికి రావాలి. రాలేదు.

"అసలు తప్పు ఎవరూ చెప్పలేదు, నేనే చెబుతా" అన్నాడు. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "తెయోఫిల పేరు తల్చుకుంటాను. పీట అన్నట్టే ఉంటుంది. దేవుడి పేరు తల్చుకుంటాను. అదీ అంతే. ఏడవాలని చూశాను, రాలేదు. ఏమీ తెలియని చేత్తో మీకు రొట్టె విరవలేను. నేను పీట మీద కూర్చుంటాను."

వెళ్ళి గుమ్మం పక్కన కూర్చున్నాడు.

 ఆయన తప్ప ఇంకో బోధకుడు లేడు. ఆయన విరవకపోతే రొట్టె లేదు, రొట్టె లేకపోతే సంఘం లేదు. సగంమంది అప్పటికే తమ తమ ఆపిల్ తోటలు తల్చుకుంటున్నారు. ఆ రోజు బల్ల ఖాళీగా ఉంటే, తెల్లారేసరికి బండ్లు కడతారని నాకు తెలుసు. గుర్రాలకి మేత పెట్టేవాణ్ణి నేనే కదా.

"లే అన్నా, పట్టుపట్టకు" అన్నాడు యోనాష్.

"నియమం రాసింది నువ్వూ నేనేగా."



అప్పుడు బోగుమిల లేచింది. "యోనాషన్నా, ఆయన గుమ్మం పక్కన కూర్చోవాలనీ, బల్ల దగ్గరికి రాకూడదనీ నియమం, అంతేనా?"

"అంతే."

"బల్ల ఎక్కడుండాలని ఉంది?"

యోనాష్ పైకప్పు వంక చూశాడు. నేల వంక చూశాడు. "అది... రాయలేదు."

"అయితే పట్టండి!"

అది ఓక్ బల్ల. నాలుగు ఎద్దులు లాగినా కదలనిది. ముసలాళ్ళూ విధవలూ కలిసి పట్టాం. గదిలోనే సరస్సు పగిలినట్టు చప్పుడైంది. ఇరుకు ఇల్లు కదా, మలుపు తిరగలేదు. తలుపు తీయక తప్పలేదు. సగం బల్ల మంచులోకి పోయింది, సగం లోపల నిలిచింది. సరిగ్గా గెదెయోన్ అన్న పొట్ట ముందు ఆగింది. ఆయన బల్ల దగ్గరికి రాలేదు. బల్లే వచ్చింది. బయట సగం మంది, లోపల సగం మంది నిలబడ్డాం. రొట్టె మీద మంచు పడుతోంది.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత చేతులు చాపి, విరిచాడు. మాకు పంచాడు. ఒక ముక్క తనూ నోట్లో వేసుకున్నాడు.

"ఏమైనా తెలిసిందా అన్నా?" అంది బోగుమిల.

"లేదక్కా. చల్లగా ఉంది."

"చల్లగా ఉందని తెలిసిందా మరి?"

ఆయన ఆలోచించాడు. "ఉందని అందరూ అంటున్నారు."

"సరే. వచ్చే నెల కూడా బల్ల ఇక్కడే వేద్దాం. ఆ పై నెలా ఇక్కడే."

ఎవరూ బండ్లు కట్టలేదు. తలుపు మూయడానికి మాత్రం తంటాలు పడ్డాం. బల్ల అవతలి కొస పొట్టకి గుచ్చుకుని, బుట్ట నెత్తి మీదకి ఎత్తుకుని నిలబడిపోయిన బుర్ఖార్త్ అప్పుడు కనబడ్డాడు. ఒక మనిషిని మధ్యలో నిలబెట్టి, తలా ఒక మాట అరవడం కిటికీలోంచి మొత్తం చూశాడాయె.

"వేలంపాట అయిపోయిందా?" అన్నాడు. "ఆ ముసలాయన ఎవరికి పోయాడు? ఇంకా తెగలేదంటే నేనో బాతునిస్తా. కానీ ఈ బల్ల కూడా కలిపి ఇవ్వాలి."